భూమి కొనేముందు భూమి కథ వినండి



నేను విజయనగరం ప్రాంతంలో పనిచేస్తున్న వ్యవసాయ విస్తరణ అధికారిని. చదివింది వ్యవసాయ డిప్లొమా. న్యాయవాదిని కాను. మీరు నన్ను ఎరువుల సంగతి అడుగుతారు, పురుగుమందుల సంగతి అడుగుతారు. ఈ వేళ మాత్రం భూమి హక్కుల సంగతి చెప్పబోతున్నాను. ఎందుకు చెప్పవలసి వచ్చిందో ముందు మనవి చేస్తాను.

ఒక ఖరీఫులో ఈ-క్రాప్ నమోదు చేస్తున్నాం. ఒక పెద్దాయన వచ్చాడు. ఎకరం ఇరవై సెంట్ల మెట్ట, అందులో జీడి మొక్కలు. అయిదేళ్ల కిందట కొన్నాడట. ఎడ్లజత అమ్మిన సొమ్ము, కూతురి పెళ్లికని దాచిన సొమ్ము, ఇంటావిడ నగలు తాకట్టు పెట్టి తెచ్చిన సొమ్ము, అంతా కలిపి ఆ నేలమీద పోశాడు. సర్వే నంబరు కొట్టి చూస్తే వేరొకరి పేరు వచ్చింది. పక్కన డి-పట్టా అని ఉన్నది. ఆ మాట చెబితే ఆయన చంకలోని సంచి విప్పి ఒక స్టాంపు కాగితం తీశాడు. “పది మంది సాక్షులున్నారు బాబూ, అందరూ ఊరి పెద్దలే” అన్నాడు.

సాక్షులు పది మందే కాదు, వంద మంది ఉన్నా అమ్మినవాడికి లేని హక్కు కొన్నవాడికి రాదు. ఆ మాట ఆయన మొహం చూసి చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆ రోజు నుంచి, కొనకముందే చెప్పవలసిన మాటలు కొన్ని ఉన్నాయని నాకు తోచింది. అవే ఇవి.

ఆలోచించి చూడండి. విత్తనం కొనేటప్పుడు మొలక శాతం అడుగుతాం. ఎద్దును కొనేటప్పుడు పళ్లు చూస్తాం, నాలుగడుగులు నడిపించి చూస్తాం. జీవితంలో ఒకసారో రెండుసార్లో కొనే భూమిని మాత్రం మధ్యవర్తి మాట మీద కొంటాం. భోగాపురం విమానాశ్రయానికి 2023 మే నెలలో శంకుస్థాపన జరిగిన తరువాత ఈ చుట్టుపక్కల భూమి మాట వినిపించని కాఫీ హోటలు లేదు. ఇటువంటి వేళల్లోనే తొందర పెరుగుతుంది, మోసమూ పెరుగుతుంది.

హక్కులోని లోపాలను నేను మొక్కల తెగుళ్లతో పోల్చి చెబుతాను. ఆకుమచ్చ వచ్చిన మొక్కకు మందు కొడితే తేరుకుంటుంది. వేరు కుళ్లిన మొక్కకు ఏ మందూ పనిచేయదు. భూమి కాగితాల్లోనూ అంతే. కొన్ని లోపాలు సరిచేస్తే పోతాయి. కొన్ని ఎంత డబ్బు పోసినా పోవు. ఏది ఆకుమచ్చ, ఏది వేరుకుళ్లు అని తెలియాలంటే ఆ నేల గత చరిత్ర తెలియాలి. మన ఉత్తరాంధ్రలో ఒక్కొక్క మడిచెక్క వెనుక రెండు వందల ఏళ్ల కథ ఉన్నది. ఆ కథ మొదటినుంచి చూద్దాం.

1794 జూలై 10న పద్మనాభం దగ్గర ఇంగ్లీషు కుంపిణీ సేనలతో జరిగిన పోరులో చిన విజయరామరాజు మరణించాడని మీరు విని ఉంటారు. తరువాత ఆయన కుమారుడు నారాయణ గజపతికి సంస్థానంలో కొంత భాగం తిరిగి ఇచ్చారు. 1802లో శాశ్వత పైసలా జరిగింది. అప్పటికి విజయనగరం జమీలో 24 పరగణాలు, 1,157 గ్రామాలు. కుంపిణీకి ఏటా కట్టవలసిన పేష్కషు 5 లక్షల రూపాయలు. జమీందారు ఆ సొమ్ము కట్టాలి. రైతు జమీందారుకు శిస్తు కట్టాలి. ఇంతవరకు లెక్క బాగానే ఉన్నది. మరి నేల ఎవరిది? జమీందారు నాదన్నాడు. తరతరాలుగా దున్నుతున్న జిరాయితీ రైతు నాదన్నాడు. ఈ తగవు నూరేళ్లు నడిచింది.

1908లో మద్రాసు ఎస్టేట్సు లాండ్ ఆక్టు వచ్చింది. జిరాయితీ భూమిని సాగు చేసే రైతుకు అందులో సాగు హక్కు ఉన్నదని ఆ చట్టం ఒప్పుకుంది. జమీందారు సొంత కమతం వేరు, జిరాయితీ వేరు అని గీత గీసింది. అయినా బాధలు తీరలేదు. 1937-38లో ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా రైతులు కాలినడకన యాత్ర చేశారు. టంగుటూరి ప్రకాశం పంతులుగారి అధ్యక్షతన వేసిన సంఘం నేలకు హక్కుదారు రైతేనని 1938లో నివేదిక ఇచ్చింది. 1940 ఏప్రిల్ 1న మందస జమీందారీలోని గుడారి రాజమణిపురంలో పోలీసు కాల్పులు జరిగి వీర గున్నమ్మ, మరికొందరు రైతులు ప్రాణాలు కోల్పోయారు. మన చేతిలోని పట్టా కాగితం ఊరికే రాలేదు సోదరులారా. దాని వెనుక నెత్తురు ఉన్నది. అందుకే దానిని చూడకుండా కొనడం, చూడకుండా అమ్మడం తగదంటాను.

1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది. దాన్నే పెద్దలు ఇరవై ఆరో ఆక్టు అంటారు. 1949లో విజయనగరం ఎస్టేటును ప్రభుత్వం స్వాధీనం చేసుకున్నది. ఆ తరువాత గ్రామాలకు సర్వే, సెటిల్‌మెంటు జరిపించారు. జిరాయితీ రైతులకు రైత్వారీ పట్టాలు ఇచ్చారు. జమీందారు సొంత కమతానికి ఆయనకు పట్టా ఇచ్చారు. ఇక మిగిలిన బంజరు, అడవి, చెరువు గర్భం, గెడ్డ, బాట, కల్లం, శ్మశానం ప్రభుత్వానివి అయ్యాయి.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. మన జమీ గ్రామాల్లో నేలకు పుట్టినరోజు అంటూ ఉంటే అది ఈ సెటిల్‌మెంటు రోజే. ఆనాడు ఏ నంబరును ఏ కోవలో రాశారో సెటిల్‌మెంటు ఫెయిర్ అడంగల్ అనే పుస్తకంలో ఉంటుంది. జిరాయితీ అని రాశారా, ఈనాం అని రాశారా, బంజరు అని రాశారా, పోరంబోకు అని రాశారా? మీరు కొనబోయే నంబరుకు ఆ పుస్తకపు నకలు తీయించండి. నేడు కంప్యూటరులో ఏ పేరు కనిపిస్తున్నా సరే, ఆనాడు గెడ్డ పోరంబోకు అని ఉంటే, మధ్యలో ప్రభుత్వం దాన్ని ఎవరికైనా సక్రమంగా ఇచ్చిన ఉత్తర్వు ఉన్నదా అని అడగాలి. లేకపోతే అది వేరుకుళ్లు. ఆ గట్టు మీదనే వెనక్కు తిరిగి రండి.

కొన్ని నంబర్ల ఎదుట రిజిస్టరులో పేరే ఉండదు, చుక్కలు మాత్రం ఉంటాయి. హక్కుదారు ఫలానా అని తేలనప్పుడు ఆనాటి గుమాస్తాలు చుక్కలు పెట్టి ఊరుకున్నారు. వీటినే చుక్కల భూములు అంటున్నాం. వీటికోసం 2017లో ప్రత్యేకంగా ఒక చట్టం చేశారు. పన్నెండేళ్లకు పైబడి స్వాధీనంలో ఉన్నవారు రుజువులు చూపి పేరు ఎక్కించుకునే వీలు కలిగింది. అంటే ఇది మందుకు లొంగే జబ్బే. అయితే మందు ఎవరు వాడాలి? అమ్మేవాడు వాడాలి. చుక్క తీయించుకుని వచ్చిన తరువాతే మనం బయానా ఇవ్వాలి. “ముందు సొమ్మివ్వండి, చుక్క తరువాత తీయిస్తాను” అన్నవాడి మాట నమ్మకండి.

తరువాతి మెట్టు ఈనాం భూములు. పూర్వం రాజులు గుడికి, అర్చకుడికి, ఊరి పనులు చేసే వృత్తులవారికి భూములు ఇచ్చారు. 1956లో ఈనాముల రద్దు చట్టం, అంటే ముప్పై ఏడో ఆక్టు, వచ్చింది. ఒక్కొక్క ఈనాం భూమి మీద విచారణ జరిపి పట్టా ఎవరికి చెందాలో తేల్చాలన్నారు. వ్యక్తుల ఈనాంకు సరైన పట్టా ఉత్తర్వు ఉంటే చిక్కు లేదు. చిక్కంతా దేవుడి భూమితో వస్తుంది. గుడి పేర పట్టా అయిన భూమిని అర్చకుడు తాతల నాటి నుంచి దున్నుతున్నా, అది ఆయన సొంతం కాదు. ఆయన అమ్మలేడు.

ఇందుకు దగ్గరి ఉదాహరణ సింహాచలం దేవస్థానం చుట్టూ ఉన్న పంచగ్రామాల సమస్య. అడవివరం, వేపగుంట, పురుషోత్తపురం మొదలైన ఊళ్లలో సుమారు 9 వేల ఎకరాలకు 1996లో దేవస్థానం పేర రైత్వారీ పట్టా అయింది. అప్పటికే అక్కడ వేలాది కుటుంబాలు కొనుక్కున్నామనుకుని ఇళ్లు కట్టుకుని ఉన్నాయి. ఇల్లు అమ్ముదామంటే వీలు లేదు. పై అంతస్తు వేద్దామంటే అనుమతి రాదు. ప్రభుత్వాలు పరిష్కారాలు ప్రకటించినా వ్యవహారం ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగింది. అక్కడ కొన్నవారంతా దురాశాపరులు కారు. ఉద్యోగులు, కూలీలు, చిన్న వ్యాపారులు. 1956 నాటి చట్టం కింద తేలవలసిన సంగతి నలభై ఏళ్లకు తేలింది. ఈ మధ్యలో కొన్నవారు ఇరుక్కుపోయారు. పాత ప్రశ్న తెగనంత వరకు కొత్త ఇంటికి నిద్ర ఉండదు. ఇది మనం నేర్చుకోవలసిన పాఠం.

ఇక మన పెద్దాయన జీడితోట సంగతికి వద్దాం. భూమి లేని పేదలకు ప్రభుత్వం సాగుకోసం ఇచ్చే భూమినే మనం డి-పట్టా అంటాం. 1954 జూన్ 18న వచ్చిన ప్రభుత్వ ఉత్తర్వుతో ఆంధ్ర ప్రాంతంలో ఈ భూములను అమ్మరాదన్న షరతు గట్టిపడింది. కనుక డి-పట్టా ఏ తేదీది, అందులో షరతు ఏమున్నది అన్నది మొదట చూడాలి. 1977లో అసైన్డు భూముల బదిలీ నిషేధ చట్టం వచ్చింది. ఆ చట్టం ప్రకారం ఇటువంటి భూమి అమ్మకం చెల్లదు. తనఖా చెల్లదు, దానం చెల్లదు. అధికారులు భూమిని వెనక్కు తీసుకోవచ్చు. కొన్నవాడికి శిక్ష కూడా చెప్పారు.

“ఇదేం చట్టం బాబూ, కొన్నవాడి నోట్లో మట్టి కొట్టేది?” అని ఆ పెద్దాయన నన్ను అడిగాడు. ఆ మాటకు జవాబు వెతుక్కుంటూ నేను అమ్మిన మనిషి ఊరు వెళ్లాను. ఆయన ఇంటి ముందు నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. భార్యకు జబ్బు చేస్తే ఆసుపత్రి ఖర్చుకు భూమి అమ్మాడట. సొమ్ము అయిపోయింది, ఆమే దక్కలేదు. ఇప్పుడు అదే తోటలో కూలికి పోతున్నాడు. అప్పుడు నాకు అర్థమయింది. పేదవాడి ఆపదను చూసి పదో పరకో చేతిలో పెట్టి నేల లాక్కోకుండా అడ్డం నిలవడానికే ఆ చట్టం పుట్టింది. కొన్నవాడూ పేదవాడే కావడం ఇక్కడి విషాదం. లాభపడింది మధ్యవర్తి ఒక్కడే.

ఈ చట్టానికి 2023లో సవరణ వచ్చింది. పట్టా ఇచ్చి ఇరవై ఏళ్లు నిండిన సాగుభూములపై అసలు పట్టాదారుకు, అతను లేకపోతే వారసులకు, పూర్తి హక్కు ఇస్తామన్నారు. 2024లో ఆ జాబితాల మీద విచారణ పెట్టి రిజిస్ట్రేషన్లు నిలిపివేశారు. కాబట్టి “ఇరవై ఏళ్లు దాటింది, ఇంక భయం లేదు” అని ఎవరైనా చెబితే తలూపకండి. మీరు కొనబోయే నంబరు సంగతి ఈ రోజుకు ఏమిటో తహసీల్దారు కార్యాలయంలో రాతపూర్వకంగా తెలుసుకోండి. నోటిమాట పనికిరాదు.

మైదానం దాటి కొండవైపు వెళదాం. సాలూరు, పాచిపెంట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం, సీతంపేట వైపున్న ఏజెన్సీ గ్రామాల్లో చట్టం ఇంకా కఠినం. అక్కడ గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని 1917లోనే ఒక చట్టం చేశారు. కాగితం మీద చట్టం ఉన్నా, ఉప్పుకు, బట్టకు, విత్తనానికి అప్పుపెట్టి షావుకార్లు భూములు రాయించుకుంటూనే ఉన్నారు. 1959లో మరొక రెగ్యులేషను వచ్చింది. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లు సభకు వెళుతున్న గిరిజనుల మీద లేవిడి దగ్గర కాల్పులు జరిగి ఇద్దరు చనిపోయారు. అటు తరువాత శ్రీకాకుళం కొండల్లో రేగిన మంట చరిత్రకు ఎక్కింది. ఆ మంట మొదట రాజుకున్నది అప్పు కాగితాల దగ్గర, పోయిన పోడు చెక్కల దగ్గర అని మరువకూడదు.

1970లో వన్ ఆఫ్ సెవెంటీ అని మనందరం పిలిచే రెగ్యులేషను వచ్చింది. ఏజెన్సీలో గిరిజనేతరుడు గిరిజనుడి దగ్గర కొనరాదు సరే, మరొక గిరిజనేతరుడి దగ్గర కూడా కొనరాదు. అక్కడ గిరిజనేతరుడి స్వాధీనంలో ఉన్న భూమి గిరిజనుడి నుంచే వచ్చిందని చట్టం ముందుగా భావిస్తుంది. కాదని రుజువు చేయవలసిన బాధ్యత అతనిదే. ఈ రెగ్యులేషను చెల్లుతుందని 1988లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1997లో సమతా కేసులో, ప్రభుత్వం కూడా అక్కడి భూమిని గిరిజనేతరులకు గనుల లీజుకు ఇవ్వరాదని తీర్పు వచ్చింది. ప్రభుత్వానికే వీలులేని చోట మనకెక్కడి వీలు? “గిరిజనుడి పేర కొని, సాగు మనం చేసుకుందాం” అని సలహా చెప్పేవారు ఉంటారు. అది దొంగపని. దొరికిన రోజున సొమ్మూ పోతుంది, పరువూ పోతుంది.

“ఇవన్నీ ఎందుకండీ, రిజిస్ట్రేషను అయిపోతే చాలదా?” అని మీరు అడగవచ్చు. చాలామంది మోసపోయేది ఇక్కడే. వంద రూపాయలు, ఆపైన విలువ చేసే భూమి అమ్మకానికి రిజిస్ట్రేషను తప్పనిసరి అన్న మాట నిజమే. కాని రిజిస్ట్రారు నమోదు చేసేది దస్తావేజును. భూమి అమ్మినవాడిదే అని ఆయన పూచీ పడడు. 1858లో దక్షిణ ఆస్ట్రేలియాలో రాబర్ట్ టారెన్స్ అనే ఆయన వేరొక పద్ధతి తెచ్చాడు. అక్కడ ప్రభుత్వ పుస్తకంలో ఎవరి పేరు ఉంటే హక్కు వారిదే, దానికి ప్రభుత్వమే పూచీ. మన రాష్ట్రంలో హక్కుల నమోదుకోసం ఒక చట్టాన్ని 2023 అక్టోబరు 31న అమలులోకి తెచ్చారు. దానిమీద రైతుల్లో భయాలు, ఆందోళనలు రేగి 2024లో రద్దు చేశారు. కాబట్టి మన దగ్గర హక్కును వెతికి చూసుకునే భారం కొనేవాడి మీదనే ఉన్నది.

పట్టాదారు పాసుపుస్తకం సంగతీ చెప్పాలి. 1971 నాటి హక్కుల రికార్డు చట్టం కింద వచ్చిన పుస్తకం అది. అందులోని రాతను నిజమని భావిస్తారు, కాని తప్పని రుజువైతే ఆ రాత నిలవదు. అప్పుకు, పంట నమోదుకు అది అక్కరకు వస్తుంది. దానికదే హక్కును పుట్టించదు.

ఈ.సి. అనే భారపత్రం మరొకటి. దానిలో రిజిస్టరైన దస్తావేజులే కనిపిస్తాయి. తెల్లకాగితం మీద రాసుకున్న ఒప్పందం కనిపించదు. నోటిమాట పంపకాలు కనిపించవు. కోర్టులో నడుస్తున్న దావా కనిపించకపోవచ్చు. దావా నడుస్తుండగా కొన్నవాడు భూమితో పాటు ఆ దావానూ కొన్నట్టే. తీర్పు ఎటు వస్తే అటు తల వంచవలసిందే. ఈ.సి. కనీసం ముప్పై ఏళ్లకు తీయించండి. 1983కు ముందు సంగతులు కంప్యూటరులో దొరకవు కనుక పాత పుస్తకాలు వెతికించండి. నిషేధిత భూముల జాబితాలో ఆ నంబరు ఉన్నదేమో తప్పక చూడండి. 2007 సవరణతో వచ్చిన 22-ఎ సెక్షను జాబితా అది. ప్రభుత్వ భూములు, దేవాదాయ, వక్ఫు భూములు, సీలింగు మిగులు భూములు అందులో ఉంటాయి. జాబితాలో లేదు కనుక అంతా శుభ్రం అని కూడా అనుకోవద్దు. జాబితాలోకి ఎక్కవలసినవి ఎక్కకుండా ఉండిపోవచ్చు. అమ్మేవాడు జి.పి.ఎ. ఒక్కటే చూపి, దాని మీదనే మీకు భూమి రాసిస్తానంటే ఒప్పుకోకండి. అధికారపత్రంతో సొంతహక్కు బదిలీ కాదని 2011లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది.

ఇంతవరకు చెప్పినవి చాలావరకు వేరుకుళ్లు కథలు. ఇప్పుడు మందుకు లొంగే జబ్బుల మాట చెబుతాను. ఇందులో ఒకటి మా ఇంట్లోనే జరిగింది.

1996లో మా నాన్నగారు ఎనభై సెంట్ల మామిడితోట కొనబోయారు. జిరాయితీ భూమి, పట్టా సరిగా ఉంది, ఈ.సి. శుభ్రంగా ఉంది. అమ్ముతున్నది ఇద్దరు అన్నదమ్ములు. వారి తండ్రి పోయి నాలుగేళ్లయింది. బయానా ఇచ్చేరోజున మా నాన్నగారు “మీకు అప్పచెల్లెళ్లు లేరా?” అని అడిగారు. ఒక చెల్లెలు ఉన్నదన్నారు. “దానికి పెళ్లిలో పెట్టవలసింది పెట్టేశాం, దాని సంతకంతో పనిలేదు” అన్నారు. మా నాన్నగారు బయానా సొమ్ము జేబులో పెట్టుకుని, బస్సెక్కి ఆమె ఊరు వెళ్లారు. సంగతంతా చెప్పారు. ఆమె చాలాసేపు మాట్లాడలేదట. చివరికి “ఇన్నాళ్లకి నన్నడిగినోడివి నువ్వే అన్నయ్యా” అన్నదట. అన్నదమ్ములను కూర్చోబెట్టి మాట్లాడించారు. ధరలో ఆమె వాటా ఆమెకు ఇచ్చారు. రిజిస్ట్రారు ఎదుట ముగ్గురూ సంతకాలు చేశారు. ఆ తోట ఇప్పటికీ మాది. ఏ వేసవిలోనూ ఎవరూ వచ్చి మా కాయ మీద హక్కు అడగలేదు.

ఆడపిల్ల హక్కు దయ కాదు, చట్టం. 1956 హిందూ వారసత్వ చట్టం తండ్రి ఆస్తిలో కూతురికి వాటా ఇచ్చింది. 1986లో మన రాష్ట్రం, 2005లో దేశం మొత్తం, ఉమ్మడి ఆస్తిలో కూడా కూతురిని కొడుకుతో సమానం చేశాయి. 2020లో సుప్రీంకోర్టు ఆ మాటను ఇంకా స్పష్టం చేసింది. కాబట్టి వంశవృక్షం అడిగి, అందరి సంతకాలు తీసుకోండి. సంతకం చేయనివారు ఉంటే వారిచేత హక్కు విడుదల దస్తావేజు రిజిస్టరు చేయించండి. మైనరు వాటా ఉంటే కోర్టు అనుమతి కావాలి. అది లేకుండా కొంటే, ఆ పిల్లవాడు పెద్దవాడై వచ్చి అమ్మకాన్ని రద్దు చేయమని అడగగలడు.

సరిచేయగల లోపాలు మరికొన్ని ఉన్నాయి. దస్తావేజులో సర్వే నంబరు తప్పుపడితే సవరణ దస్తావేజు రాయించవచ్చు. పేరులో అక్షరం తేడా ఉంటే ఇద్దరూ ఒకరేనని రుజువు పత్రం తేవచ్చు. భూమి మీద సొసైటీ అప్పో బ్యాంకు అప్పో ఉంటే, బాకీ తీర్చి, తీరిందన్న పత్రం తీసుకుని, తనఖా రద్దు నమోదు చేయించవచ్చు. హద్దుల తగవు ఉంటే సర్వేయరుచేత కొలిపించవచ్చు. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే మన ఊళ్లలో చాలావాటిలో జరిగింది. అటువంటి చోట పాత సర్వే నంబరు పోయి కొత్త ఎల్.పి.ఎం. నంబరు వచ్చింది. విస్తీర్ణంలో సెంట్ల తేడాలు కూడా వచ్చాయి. పాత నంబరు, కొత్త నంబరు రెండూ దస్తావేజులో రాయించండి. తెల్లకాగితం కొనుగోలును క్రమబద్ధం చేయడానికి హక్కుల రికార్డు చట్టంలో 5-ఎ సెక్షను ఉన్నది. అయితే డి-పట్టాకు, ఏజెన్సీ భూమికి ఆ మందు పనిచేయదు.

ఇక బయానాకు ముందు చేయవలసిన పని వరుసగా చెబుతాను. వీలైతే కాగితం మీద రాసుకోండి.

మొదటి రోజు నేల మీదికి వెళ్లండి. ఒంటరిగా కాదు, సరిహద్దు రైతులతో కలిసి నాలుగు గట్లూ నడవండి. సాగు ఎవరు చేస్తున్నారు, కౌలుకు ఉన్నారా, బాట ఎటు, నీరు ఏ గెడ్డ నుంచి వస్తుంది, వాన కాలంలో ఏ బంద పొంగి మడిలోకి వస్తుంది, అన్నీ అడగండి. కాగితం దాచే సంగతి పక్క మడివాడు చెబుతాడు.

రెండవది, పుస్తకాలు చూడండి. అడంగల్, 1-బి, గ్రామ పటం, పొలం కొలత పటం, సెటిల్‌మెంటు నాటి పాత రిజిస్టరు నకలు. 1984లో కరణాల పదవులు రద్దయిన తరువాత పాత సంగతులు నోటితో చెప్పేవారు తగ్గిపోయారు. కాబట్టి నకళ్లే మనకు కరణాలు.

మూడవది, లింకు దస్తావేజులు. అమ్మేవాడికి ఎవరు ఇచ్చారు, వారికి ఎవరు ఇచ్చారు అంటూ గొలుసు పట్టుకుని సెటిల్‌మెంటు దాకా వెళ్లండి. ఒక్క కడియం తెగినా అక్కడ ఆగి కారణం అడగండి. అసలు దస్తావేజులు చూడకుండా జెరాక్సులతో తృప్తి పడకండి.

నాలుగవది, ఈ కాగితాలన్నీ ఒక న్యాయవాదికి చూపించి అభిప్రాయం రాతలో తీసుకోండి. అమ్మేవాడి న్యాయవాది కాదు, మీ న్యాయవాది. ఎకరం ధరలో ఆ ఫీజు ఒక మూలకు రాదు.

అయిదవది ఒప్పందం. బయానా తక్కువగా ఇవ్వండి. హక్కులో లోపం బయటపడితే ఇన్ని రోజుల్లో సొమ్ము తిరిగి ఇస్తానని రాయించండి. లోపాలు ఎవరు, ఎవరి ఖర్చుతో, ఎప్పటిలోగా సరిచేయాలో రాయించండి. సొమ్ము చేతికి కాకుండా బ్యాంకు ద్వారా ఇవ్వండి. ప్లాటు కొనేవారైతే లేఔటుకు అనుమతి ఉన్నదా, బాట, కాలువ ఎవరి పేర ఉన్నాయి అని అదనంగా చూడాలి.

విస్తరణ మిత్రులకు ఒక మనవి. పంట నమోదులో సాగుదారు పేరు, పట్టాదారు పేరు వేరుగా కనిపించినప్పుడు గడులు నింపి ఊరుకోకండి. “ఈ నేల ఎలా వచ్చింది తాతా?” అని ఒక్క మాట అడగండి. మనం తీర్పు చెప్పనక్కరలేదు. ఉచిత న్యాయసేవ కోసం విజయనగరం జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉన్నదని చెబితే చాలు. చాలా ఇళ్లలో ఆ మాట తెలియక, ఉన్న కాస్తా ఖర్చయిపోతున్నది.

జీడితోట పెద్దాయన ఏమయ్యాడని మీరు అడుగుతారు. మధ్యవర్తి దగ్గర కొంత సొమ్ము ఊరి పెద్దలు కక్కించారు. మిగతాది రాలేదు. భూమి ఆయనది కాలేదు. మొన్న కనిపించి, “పక్క ఊళ్లో మా మేనల్లుడు భూమి చూస్తున్నాడు బాబూ, బయానా ఇవ్వకముందే నీ దగ్గరికి తెచ్చాను” అన్నాడు. వెనక ఆ కుర్రవాడు కాగితాల సంచితో నిలబడి ఉన్నాడు. ముగ్గురం అరుగు మీద కూర్చుని మొదటి కాగితం విప్పాం.

మీరూ అలాగే విప్పండి. సొమ్ము మీ చేతిలో ఉన్నంతవరకు ఎన్ని ప్రశ్నలైనా అడగగలరు. అది చేయి దాటిన తరువాత ప్రశ్నలు అడగడానికి కోర్టు మెట్లే మిగులుతాయి.